చక్రం పక్కన పడుకున్నవాడు

నాన్నా,

నీకు ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ నీతో ఫోన్లో మాట్లాడటమంటే నేనొక మాట అనడం, నువ్వు "ఆఁ?" అనడం, నేను గొంతు చించుకోవడం, మా ఆఫీసంతా పని మానేసి నా వంక చూడటం. కలప మిల్లు రంపాలు నీ చెవుల్ని ఎప్పుడో తినేశాయి. అందుకే రాస్తున్నాను. నెమ్మదిగా చదువుకుని, ఎప్పటిలాగే అమ్మకి పైకి చదివి వినిపించు. మధ్యలో నీ సొంత కవిత్వం కలపకు.

విషయం ఏమిటంటే, నీ సినిమా మా చేతికొచ్చింది! అవును, అదే. మన ఇంట్లో ఎవరూ అసలు పేరుతో పిలవని సినిమా, "నాన్న సినిమా". ఎవరో టీవీ వాళ్ళు జనాన్ని అడిగారట, యుద్ధం సినిమాల్లో మీరు మరిచిపోలేని సీను ఏదీ అని. నీ పొలం సీనే మొదటిదని తేలింది. దాంతో సినిమా హక్కులున్న వాళ్ళకి హుషారొచ్చి, పాత రీళ్ళు దులిపి, గీతలూ మరకలూ పోగొట్టి, పెద్ద తెర మీద మళ్ళీ ఆడిద్దామనుకున్నారు. పాత సినిమాలు బాగుచేసే చోటు కదా మాది, మా దగ్గరికే వచ్చింది.

ఆ రోజు ఆఫీసులో పని జరిగితే ఒట్టు. ఎవరి సీను వాళ్ళు చెప్పుకోవడమే. మా పొడుగాయన లేడూ, రంగులు సరిచేసే ఆయన, అతనికి ఒక సినిమాలో రెండు పక్షాల సైనికులిద్దరు ఒకే బావి దగ్గర ఎదురుపడి, తుపాకులు కింద పెట్టి, ఒకడు తోడితే ఇంకొకడు తాగి, మాటైనా లేకుండా ఎవరి దారిన వాళ్ళు పోయే సీను ప్రాణం. టీ తెచ్చే ఆవిడ, "యుద్ధం అయిపోయాక ఇంటికొచ్చిన గుర్రం తలుపు టప్పుమన్నప్పుడల్లా మోకాళ్ళ మీద కూలబడుతుంది చూడండి, అది చూసి వారం రోజులు అన్నం సయించలేదు" అంది. మా పెద్దావిడ, అదే నా పై అధికారి, ఎప్పుడూ పెదవి విప్పని మనిషి, ఆవిడ కూడా ఒకటి చెప్పింది. ఉత్తరాల సంచితో పోస్టుమాను వీధిలోకి వస్తుంటే ఒక్కొక్క ఇంటి తలుపూ మూసుకుపోతుందట, ఏం వార్త వినాలో అని. చివరికి నా వంతు. "మా నాన్న చచ్చిపోయి పడున్న సీను" అన్నాను. ఒక్కసారి అందరి మొహాల్లో నెత్తురు చుక్క లేదు. తరవాత చెప్పాను, ఇదే సినిమా, ఇదే పొలం, చక్రం పక్కన పడుకున్నది మా నాన్నే అని. పొడుగాయన లేచి నాకు దణ్ణం పెట్టాడు.

పని మొదలుపెట్టే ముందు ఆ సీను ఒక్కదాన్నే కూర్చుని చూశాను. తెల్లవారుతుంటుంది. సన్నగా తుంపర. పాటా లేదు, మాటా లేదు. కెమెరా శవాల మీదుగా పాకుతున్నట్టు వెళ్తుంది. చివర్లో విరిగిన బండి, గాలిలో ఇంకా తిరుగుతున్న చక్రం, ఆ చక్రం పక్కన వెల్లకిలా, తల అవతలికి వాలి, టోపీ నుదుటి మీదికి జారిన సైనికుడు. చక్రం ఆగుతుంది, సీను అయిపోతుంది. ఏటా టీవీలో వచ్చేది, ఎన్నిసార్లు చూశాం! "అదిగో మీ నాన్న" అని అమ్మ వేలు పెట్టి చూపించేది. "బాగా పడుకున్నాను కదూ?" అనేవాడివి నువ్వు. అమ్మ మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు. మొగుడు శవంలా కనబడితే ఎవరికి మాత్రం నవ్వొస్తుందిలే అనుకునేదాన్ని. "పక్కన పడుకున్నదెవరు నాన్నా?" అంటే "ఎవరో" అనేవాడివి.

ఇప్పుడు అసలు సంగతి విను. ఆ పొలంలో చచ్చినవాళ్ళందరూ ఊపిరి పీలుస్తున్నారు నాన్నా. చిన్న తెర మీద, గీతల సినిమాలో ఎవరికీ కనబడలేదు గానీ, బొమ్మ శుభ్రం చేసి పెద్దది చేసేసరికి ఒక్కొక్కడి రొమ్మూ లేస్తోంది, పడుతోంది. చలికి నోళ్ళలోంచి సన్నగా ఆవిరి కూడా వస్తోంది. అది పోగొట్టడమే నా పని. రీల్లో రొమ్ము కదలకుండా ఉన్న బొమ్మ, అదే ఫ్రేము, ఒకటి పట్టుకుని, దాన్ని మిగతా బొమ్మల మీద అతికిస్తూ పోతాను. ఒకడి ఊపిరి తీసి పక్కవాడి దగ్గరికి వెళ్తాను. ఆఫీసులో నన్ను యముడి గుమాస్తా అంటున్నారు.

నవ్వులాటకి రాస్తున్నాను గానీ, ఈ పని మనిషిని ఏదో చేస్తోంది. ఇందాకటి దాకా మామూలుగా పడుకున్నట్టున్న మనిషి, నేను చెయ్యి తీసేసరికి శవమైపోతాడు. మొహం అదే, మట్టి అదే, కానీ ఏదో వెళ్ళిపోయినట్టు తెలిసిపోతుంది. పని చేస్తున్నంతసేపూ నేను కూడా ఊపిరి బిగబడుతున్నానని తలనొప్పి వచ్చాక గానీ తెలియలేదు. బస్సులో ఎదురుగా ఒకాయన నిద్రపోతుంటే, ఆయన రొమ్ము లేచేదాకా నా చూపు తిప్పుకోలేకపోయాను. నేను దిగాల్సిన చోటు దాటిపోయింది.

రేపు చక్రం దగ్గరికి వస్తాను. నీ ఊపిరి నా చేత్తోనే తీస్తాను, ఏమీ అనుకోకు. అసలు నీది రెట్టింపు పని. చిన్నప్పుడు గోడ మీంచి పడి పక్కటెముకలు విరగ్గొట్టుకుని, అవి వంకరగా అతుక్కుని, నీ ఊపిరికే కుంటు వచ్చింది కదా. కుడివైపు ముందు లేస్తుంది, ఎడమవైపు "నన్నూ రానీ" అన్నట్టు వెనకాల వస్తుంది. దాని మీద తలపెట్టుకునే కదా నేను పెరిగింది. ఆ కుంటి ఊపిరిని ఎలా పట్టుకోవాలో నాకు తప్ప ఎవరికి తెలుస్తుంది?

నీ గయ్యాళి


నాన్నా,

ఇది అమ్మకి చదివి వినిపించకు. నువ్వొక్కడివే చదువు.

చక్రం దగ్గరికి వచ్చాను. నాకక్కడ పని లేదు.

మొదట నాకు గర్వంగా అనిపించింది, దాచడం దేనికి. పెద్దావిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని చూసింది. "ఇంతమందిలో నటుడంటే ఈయనొక్కడే. ఆవగింజంత కదలిక లేదు" అంది. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అన్నారా, ఆఫీసంతా నీ చుట్టూ చేరి ఆహా ఓహో అంది. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

అందరూ వెళ్ళాక మళ్ళీ చూడాలనిపించింది. ఎందుకో చెప్పలేను. నిన్ను బాగా ఎరిగినదాన్ని కాబట్టి కావచ్చు. నువ్వు ఒకచోట కుదురుగా కూర్చోలేవు. అన్నం తింటూ కాలు ఆడిస్తావు, నిద్రలో గోడని తంతావు. అలాంటివాడివి అంతసేపు రాయిలా ఎలా పడుకున్నావు? బొమ్మని పెంచాను. రొమ్ము చూశాను, పొట్ట చూశాను, గొంతు దగ్గర చూశాను. ఎంత బిగబట్టినా గొంతు దగ్గర నరం కొట్టుకుంటుంది, దాన్ని ఎవడూ ఆపలేడు. అది కూడా కొట్టుకోవడం లేదు. నీకు ఇటువైపు, అటువైపు, వెనక, అందరి నోళ్ళ దగ్గరా ఆవిరి ఉంది. నీ నోటి దగ్గర లేదు.

తల అవతలికి వాలింది కదా, మొహమంతా మట్టే కదా. కానీ ఒక కన్ను కొస కనబడుతుంది. మూసుకుని ఉందనుకునేవాళ్ళం. పెంచి చూస్తే సగం తెరిచే ఉంది నాన్నా. తుంపర చినుకు దాని మీద పడింది. నేను చూస్తుండగా పడింది. రెప్ప కొట్టలేదు. ఇంకో చినుకు పడింది. అది కంట్లో నిండి, కొస నుంచి కారి, చెవి వైపు పోయింది. ఆ బొమ్మని నేను ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు తిప్పానో! వెనక్కి తిప్పినప్పుడు చినుకు కంట్లోంచి లేచి ఆకాశంలోకి పోతోంది, ఆ కన్ను మాత్రం అలాగే చూస్తోంది.  దీపాలన్నీ వేసుకున్నాను. వేసుకున్నా, ఆ గదిలో ఊపిరి పీలుస్తున్నది నేనొక్కదాన్నే అన్న సంగతి మరీ పెద్దగా వినబడింది.

నాకు పిచ్చెక్కిందనుకోకు. నువ్వు ఇంట్లో ఉన్నావని నాకు తెలుసు. ఈ పాటికి పళ్ళపుల్లల డబ్బా కనబడటం లేదని అమ్మతో తగువు పెట్టుకుని ఉంటావు. మరి అక్కడ పడున్నదేమిటి? ఆ పొద్దున నీకేమైనా అయిందా? స్పృహ తప్పిందా? ఎవరైనా నిన్ను కొట్టి లేపారా? ఒక్కటే అడుగుతున్నాను, తిట్టకు. ఆ మనిషి ఆ పొలంలోంచి లేచి ఇంటికి రావడం నాకు ఊహకి అందటం లేదు. ఆ కన్ను చూశాక అందటం లేదు. అతను లేవకపోతే, మన ఇంటికి వచ్చిందెవరు?

వెంటనే రాయి. నాలుగు ముక్కలైనా చాలు.

నీ గయ్యాళి


గయ్యాళీ,

ఉత్తరం అందింది. ఇక్కడ అంతా కులాసా. అమ్మ నడుంనొప్పి తగ్గింది. పళ్ళపుల్లల డబ్బా దొరికింది, నా జేబులోనే ఉంది.

పాత సినిమా. రీలు పాడై ఉంటుంది. అందులో కన్ను తెరిచుందో మూసుందో నువ్వు చూడక్కర్లేదు. నీ పని ఊపిరి తియ్యడం. ఊపిరి లేనివాడి జోలికి ఎందుకు పోతావు? అతన్ని అలా ఉండనీ. చెయ్యి పెట్టకు. టోపీ కూడా సర్దకు.

ఆ పక్కవాడున్నాడే, వాడి ఊపిరి ముందు తీసెయ్. వాడి దగ్గర ఎక్కువసేపు కూర్చోకు. అసలు ఆ పక్కవాడిని వేరే ఎవరికైనా అప్పజెప్పి నువ్వు ఇంకో సీను తీసుకుంటే మేలు. పెద్దావిడని అడుగు. నాన్న చెప్పాడని అడుగు.

వేళకి తిను. దీపాలు వేసుకుని పడుకో.

నాన్న


నాన్నా,

ఇప్పటికీ ఆ మాటే రాస్తున్నాను. వేరే ఏం రాయాలో తెలియక.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది నీ ఉత్తరం. ఇన్నేళ్ళుగా "ఎవరో" అన్న మనిషి ఊపిరి గురించి నీకెందుకంత తొందర? నువ్వు ఆ ముక్క రాయకపోయి ఉంటే నేను ఆ పక్కవాడిని మిగతావాళ్ళలాగే చకచకా ముగించి వెళ్ళిపోయి ఉండేదాన్ని. నువ్వే చూపించావు. ఇప్పుడు నీ మీద నాకెంత కోపంగా ఉందో, ఎంత భయంగా ఉందో, రెండూ కలిపి ఎలా రాయాలో తెలియడం లేదు.

అతను కూడా వెల్లకిలా పడుకున్నాడు. మొహం కెమెరాకి కనబడదు, చక్రం వైపు తిరిగి ఉంది. చెయ్యి చాపి చక్రం దగ్గరి మనిషి మణికట్టు మీద వేసుకున్నాడు. ఎవరో చచ్చిపోతూ స్నేహితుడి చెయ్యి పట్టుకున్నట్టుంటుందని, జనం ఈ సీనుని అంత ప్రేమగా తలుచుకునేది దానికే. నేను అతని రొమ్ము చూశాను. ఒక్క ఊపిరి చాలింది. కుడివైపు ముందు లేచింది. ఎడమవైపు ఆలస్యంగా, వెనకాల వచ్చింది.

 జ్వరం వచ్చిన రాత్రుళ్ళు ఆ ఊపిరి మీద పడుకున్నాను నాన్నా. దాన్ని నేను ఎక్కడైనా పోలుస్తాను. చూస్తూనే ఉన్నాను. సగం సీను దాకా అది నింపాదిగానే నడిచింది. ఒకచోట ఆగింది. అక్కడ అతని వేళ్ళు కదిలాయి. మణికట్టుని నొక్కాయి. కొంచెం పక్కకి జరిగి మళ్ళీ నొక్కాయి, చీకట్లో గడియ కోసం తడుముకున్నట్టు. తరవాత ఊపిరి పరుగెత్తింది. ఎంత వేగంగా అంటే ఆ కుంటు కూడా కనబడనంత వేగంగా. కెమెరా దగ్గరికొస్తోంది. అతను లేవలేదు. చక్రం ఆగేదాకా లేవలేదు.

సినిమాలో చక్రం ఆగగానే కోసేశారు. కానీ మా దగ్గరికి వచ్చింది అసలు రీలు. కోసి పక్కన పడేసిన చివరి ముక్క కూడా అందులో ఉంది. దాన్ని ఎవరూ చూసి ఉండరు. శబ్దం లేదు. చూశాను. పొలంలో చచ్చినవాళ్ళందరూ లేస్తున్నారు. ఒళ్ళు విరుచుకుంటున్నారు, మట్టి దులుపుకుంటున్నారు, ఒకడు ఇంకొకడి టోపీ లాగి నవ్వుతున్నాడు. ఇద్దరు మాత్రం లేవలేదు. పక్కవాడు మోకాళ్ళ మీద లేచి చక్రం దగ్గరి మనిషిని కుదుపుతున్నాడు. దూరంగా ఎవరో చప్పట్లు కొడుతున్నారు, ఇంకా నటిస్తున్నాడనుకుని. అప్పుడతను కెమెరా వైపు తిరిగాడు. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు, ఏమీ వినబడదు. ఆ మొహం నీది. ఇరవై ఏళ్ళ కుర్రాడివి, మీసం లేదు, అయినా నువ్వే.

నువ్వు చక్రం దగ్గర పడుకోలేదు. నువ్వే ఆ ఎవరో.

మరి అమ్మ వేలు పెట్టి చూపించింది ఎవర్ని? మీరిద్దరూ నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని, ఒక చచ్చిపోయిన మనిషిని ఏటేటా చూపించి "నాన్న, నాన్న" అని ఎందుకు చెప్పారు? ఇది ఏం సరదా? నాకు తోచే జవాబు ఒకటే ఉంది, దాన్ని నా చేత్తో రాయలేను. నువ్వు నాకేమవుతావు? సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు.

పని ఆపేశాను. పొలంలో అందరూ ఇప్పుడు నిజం శవాలే, నువ్వొక్కడివే ఊపిరి పీలుస్తూ మిగిలావు. పెద్దావిడ అడుగుతోంది, ఆ ఒక్కడికీ ఎందుకు ఆలస్యమని. నీ ఉత్తరం వచ్చేదాకా నా చెయ్యి అటు వెళ్ళదు.

(సంతకం ఏమని పెట్టాలో తెలియడం లేదు.)


అమ్మడూ,

నీ మూడో ఉత్తరం కూడా మీ నాన్న నాకు పైకే చదివి వినిపించాడు. రెండో దాంట్లో అమ్మకి వినిపించకు అని నువ్వు రాసిన ముక్క కూడా వదలకుండా చదివాడు. ఆయనకి నా దగ్గర దాచడం చేతకాదు. చదివి, కాగితం మడిచి నా ఒళ్ళో పెట్టి, "నువ్వు రాయి, నాకు రాదు" అన్నాడు. అప్పటినుంచి పెరట్లో కత్తికి సాన పెడుతున్నాడు. ఆ కత్తి ఇంకాసేపట్లో అరిగిపోతుంది.

సూటిగా అడిగావు, సూటిగానే చెప్తాను. చక్రం పక్కన పడుకున్నది నిన్ను కన్న మనిషి. నా మొదటి పెనిమిటి. వీళ్ళిద్దరూ ఒకే మిల్లులో ఒకే రంపం దగ్గర, దుంగకి ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు. సినిమా వాళ్ళొచ్చి పొలంలో పడుకోవడానికి మనుషులు కావాలంటే, మిల్లుకి సెలవు పెట్టి ఇద్దరూ తిరునాళ్ళకి వెళ్ళినట్టు వెళ్ళారు. నిన్ను కన్నాయనకి అప్పటికే రొమ్ములో నొప్పిగా ఉండేది, ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. చలిలో తడి నేల మీద పడుకోబెట్టారు. ఎవరో ఒకరు కదలడం, మళ్ళీ మొదలుపెట్టడం. చివరిసారి పడుకునే ముందు ఆయన, "ఒరేయ్, ఈసారి ఎవడైనా కదిలితే నా వల్ల కాదురా, నువ్వు మాత్రం కదలకు" అన్నాడట. అదే ఆఖరి మాట. మీ నాన్న కదలలేదు. చేతికింద నాడి పోయిందని తెలిసి కూడా కదలలేదు. కదిలితే ఆయన్ని మళ్ళీ పడుకోబెడతారన్న ఆలోచన తప్ప బుర్రలో ఇంకేమీ లేదట. ఆ ఒక్క సంగతీ ఇన్నేళ్ళూ ఆయన్ని తిన్నట్టు ఏ రోగమూ తినలేదు. అప్పటికే అంతా అయిపోయింది, నువ్వు లేచినా చేసేదేం లేదు అని డాక్టరు చెప్పాడు, నేను వందసార్లు చెప్పాను. వినడు. ఆ సంగతికి చెవుడు ముందునుంచే ఉంది.

శవంతోపాటు ఇంటికి వచ్చింది మీ నాన్నే. నిన్నెవరు ఎత్తుకున్నా ఊరుకునేదానివి కాదు. ఆయన నడవాలో కూలబడి ఏడుస్తుంటే పాక్కుంటూ పోయి ఆయన రొమ్ము మీద పడి నిద్రపోయావు. నీ నిద్ర చెడుతుందని పొద్దుపోయేదాకా లేవలేదు ఆ మనిషి. తరవాత రోజూ వచ్చేవాడు, కట్టెలు కొట్టి పడేసి గుమ్మం దగ్గరినుంచే వెళ్ళిపోయేవాడు. ఏడాది తిరిగాక ఉండిపొమ్మని అడిగింది నేనే. నేనే అడిగాను, రాసి పెట్టుకో. "వాడి చోట నేను కూర్చోలేను" అని తల అడ్డంగా ఊపాడు. "చోటు కాదు, పిల్ల నీ వెనకాల పడి నాన్నా అంటోంది, దానికి నువ్వేం చెప్తావు?" అన్నాను. ఆ రోజు గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. వేరే ఊరు వచ్చేశాం. కొంచెం పెద్దదానివయ్యాక నీకు చెప్పాలనుకున్నాం. ఎప్పుడూ నువ్వు కొంచెం చిన్నదానివిగానే కనబడ్డావు.

ఇక ఆ వేలు సంగతి. ఐదేళ్ళుంటాయేమో నీకు. పక్కింటి వాళ్ళ టీవీలో ఆ సినిమా వస్తోందన్నారు. మీ నాన్న వద్దన్నాడు. నేనే పట్టుబట్టాను, పోయినాయన్ని ఇంకొక్కసారి చూడాలనిపించింది. మన దగ్గర ఫోటో అయినా లేదమ్మా. ఆ సీను వచ్చేసరికి నువ్వు, "ఇందులో మా నాన్న ఉన్నాడంట, ఏడీ?" అని అందరి ముందూ అరిచావు. నా వేలు దానంతట అదే లేచింది. చక్రం దగ్గరికి పోయింది. నువ్వు చప్పట్లు కొట్టి, తెర దగ్గరికి పరుగెత్తి, "నాన్నా! లే నాన్నా!" అన్నావు. ఆయన చెవిన ఆ పిలుపు పడకుండానే పోయాడు కదా, మాటలు రాకముందే పోయాడు కదా. ఒక్కసారి పిలిపించాలనుకున్నాను. నాకు అంతకంటే ఏమీ తెలియలేదు ఆ క్షణంలో. తరవాత భయమేసి పక్కకి చూశాను, ఈయన మొహం ఎలా ఉందోనని. ఈయన నిన్ను ఒళ్ళోకి లాక్కుని, "అవునే, అది నేనే. బాగా పడుకున్నాను కదూ?" అన్నాడు. పక్కనెవరు అని అడిగావు. "ఎవరో" అన్నాడు.

నీ పిలుపులో ఏటా ఒక్కటి అవతలి మనిషికి ఇచ్చేసి, తనని తాను ఎవరో అనుకున్నవాడు నీకేమవుతాడో నువ్వే తేల్చుకో.

మీ నాన్న ఒక కబురు చెప్పమన్నాడు. ఆ ఊపిరి తీసెయ్యమన్నాడు. వాడి పక్కన తానొక్కడే బతికున్నట్టు కనబడటం సిగ్గుగా ఉందట.  జవాబు నాకు రాయకు. ఆయనకి రాయి. పోస్టుమాను సైకిలు చప్పుడు ఆయనకి వినబడదు కదా, అందుకని ఇప్పటినుంచే గుమ్మంలో కుర్చీ వేసి పెట్టుకున్నాడు.

అమ్మ


నాన్నా,

తియ్యను.

నీ మాట వినకపోవడం ఇదే మొదలన్నట్టు మొహం పెట్టకు, ఎప్పుడు విన్నాను గనక. పెద్దావిడ సీనంతా చూసి, "ఇక్కడొకడు ఊపిరి పీలుస్తున్నాడు, మరిచిపోయావు" అంది. మరిచిపోలేదండీ, అతను బతికే ఉన్నాడు అన్నాను. శవాల మధ్య బతికున్నవాడేమిటి, జనం జడుసుకుంటారు అంది. జడుసుకోనివ్వండి అన్నాను. ఆ చివరి ముక్క వేసి చూపించాను. అందరూ లేచి ఆ ఇద్దరు మాత్రం మిగిలిన ముక్క. ఆవిడ ఆ ముక్కని ఇంకోసారి వెయ్యమంది. పోతూ పోతూ, "ఆ చినుకుని కూడా తుడవకు" అంది.

ఇప్పుడా పొలంలో ఒక్క ఊపిరే ఉంది. హాల్లో ఒంటరిగా కూర్చుని చూశాను. భయం వేసింది, నిజం చెప్తున్నాను. చక్రం దగ్గరి ఆయన్ని నాన్నా అని పిలిచాను, పైకే. ఆయనది ఆయనకి ఇవ్వాలి కదా. తరవాత నిన్ను పిలిచాను. నువ్వు అప్పటికే పరుగెత్తినట్టు ఊపిరి పీలుస్తున్నావు, ఆయన చెయ్యి వదలకుండా.

సినిమా విడుదలైన రోజు వస్తాను. మనం ముగ్గురం వెళ్దాం. ఈసారి అమ్మ వేలు చూపించక్కర్లేదు, నీ వేలు నేను పట్టుకుని ఇద్దర్నీ చూపిస్తాను.

నీ కూతురు,
గయ్యాళి